చికిత్సకు మూడవ పాదము



దేవాలయ పత్రికలో ఒక నర్సమ్మను గూర్చిన ప్రసంగమేల యని మీలో కొందరికి తోచవచ్చును. నలువది యేండ్ల క్రిందట నాకును అట్లే తోచియుండెడిది. ఆ కాలపు నా అజ్ఞానమును దాచక చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము మిక్కిలి చిన్నది. చికిత్స నాలుగు పాదములపై నిలుచునని అందు చెప్పబడినది. వైద్యుడు, ఔషధము, పరిచర్య చేయువాడు, రోగి - ఇవి ఆ పాదములు. పరిచర్య చేయువానికి అచ్చట ఉపస్థాత యని పేరు. దగ్గర నిలుచువాడని అర్థము. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు చెప్పి మొత్తము పదునారుగా లెక్కించినారు. అందు ఉపస్థాతకు విధించినవి: ఉపచారములు తెలిసియుండుట, దక్షత, భర్తయందు అనురాగము, శౌచము.

నేను చదివిన పాఠశాలలో కావ్యములు, వ్యాకరణము ప్రధానములు. ఆయుర్వేదము మాకు పాఠ్యము కాదు. అయినను గురువుగారి యింట చరకసంహిత ప్రతి యొకటి యుండగా అనధ్యయన దినములలో కుతూహలముకొద్ది చదువుకొంటిని. పదునారు గుణములును కంఠస్థము లయ్యెను. కంఠమున నిలిచినది హృదయమునకు దిగినదని భ్రమించుట మా వంటి పండితులకు సహజమైన జాడ్యము. ఆ నాలుగు మాటలకు అర్థము చెప్పినది గురువు కాదు, వ్యాఖ్యాత కాదు. నాటి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సరిహద్దున, దిండి వాగునకు చేరువలో నున్న యొక పల్లెలో నర్సమ్మగా పనిచేసిన సాధ్వి.

నేను 1984లో ఉద్యోగమునకై ఆ యూరు చేరితిని. ఎఱ్ఱ నేలలు, రాళ్ళు, తాటిచెట్లు. వానలు కురిసిన ఆముదము, జొన్న, కంది పండును. కురియకున్న మేస్త్రీ వెంట జనము వలస పోవును. నాగార్జునసాగరము మా జిల్లాలోనిదే. 1967లో కాలువలకు నీరు విడిచిరి. కాని నీరు పల్లమెరుగునను సామెత మాకు శాపమైనది. మా మెరకలకు ఆ కృష్ణమ్మ రాలేదు. పాలమూరు కూలీలు దేశమందలి ఆనకట్టలెన్నింటికో రాళ్ళు మోసిరి గాని, వారి యూళ్ళలో త్రాగుటకు మంచినీరు లేదు.

ఆ నర్సమ్మకు ప్రభుత్వ మిచ్చినది రేకుల కప్పు గల ఒక అద్దె గది, ఒక మందుల పెట్టె, అయిదారు ఊళ్ళు, వాని చుట్టునున్న తండాలు. అయిదువేల జనమునకు ఒక ఉపకేంద్ర మనునది ఆనాటి లెక్క. వాగులు, గుట్టలు ఆ లెక్కలోనికి రావు. ఆమె తండ్రి తోలుపని చేసి బ్రతికినవాడు. ఆయన కుట్టి యిచ్చిన చెప్పులతోనే మొదటి రెండేండ్లు తిరిగితినని ఆమె యొకసారి నవ్వుచు చెప్పినది.

ఆమె దక్షతను నేను మొదట చూచినది మా బడి అరుగుమీదనే. ఆ రోజులలో పాలమూరు ప్రాంతమున నారికురుపు వ్యాధి యుండెడిది. నేటి యువకులు ఆ పేరైన వినియుండరు. మెట్లబావులలో దిగి నీరు ముంచుకొను వారి కాళ్ళపుండ్లనుండి ఆ క్రిమి పిల్లలు నీటిలో కలియును. వానిని కంటికి సరిగా కానరాని నీటి పురుగులు మ్రింగును. ఆ నీరు త్రాగినవాని దేహమున సుమారు ఒక సంవత్సరమునకు దారమువంటి పురుగు, గజము పొడవుదాక పెరిగినది, కాలి చర్మమును చీల్చుకొని వెలువడును. దానికి మందు లేదు. చిన్న పుల్లకు చుట్టుచు దినమునకు కొంచెము కొంచెముగా బయటికి లాగవలెను. తొందరపడి లాగిన తెగును. తెగిన కాలు వాచి చీము పట్టును.

ఒక ముసలి గొల్ల అట్టి కాలు చాచి కూర్చుండగా ఆమె మోకాళ్ళపై వంగి ఆ పురుగును పుల్లకు చుట్టుచుండెను. రెండంగుళములు వచ్చినంతనే ఆపి కట్టు కట్టినది. మరునాడు అదే వేళకు వచ్చినది. ఆ మరునాడును వచ్చినది. ఇట్లు ఎన్ని దినములో నేను లెక్కింపలేదు. వ్యాకరణమున ఒక సూత్రముపై అంతటి ఓర్పును నేనెన్నడు చూపలేదని మాత్రము చెప్పగలను. ముసలివాని కాలు నయమైన తరువాత ఆమె ఊరివారి మీద పడినది. కాలికి పుండున్నవాడు బావిలో దిగరాదు. నీటిని మడతపెట్టిన గుడ్డలో వడపోయక త్రాగరాదు. ఇంటింటికి తిరిగి కుండమీద గుడ్డ కట్టినారా లేదా యని చూచెడిది. మన దేశమున ఆ వ్యాధి 1996లో కడపటిసారి కనబడినది; 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమున అది లేదని ధ్రువీకరించినది. అంతటి దుష్టవ్యాధిని వెళ్ళగొట్టినది ఒక పుల్ల, ఒక గుడ్డ, వానిని పట్టుకొని తిరిగిన కాళ్ళు.

ఉపచారజ్ఞత మాట. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమము దేశమున ఆరంభమైనది. క్షయ, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతము, పోలియో, తట్టు - ఈ ఆరింటికి టీకాలు. టీకా మందు వేడికి చెడును. రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చల్లదనమున నుండవలెను. వేసవిలో మా యూరి ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. మంచుగడ్డల డబ్బా భుజమున వేసికొని, అది కరుగకముందే కడపటి తండా చేరవలెనని ఆమె నడక. వలస కుటుంబముల పిల్లలకు ఆమెయొద్ద వేరుగా ఒక పుస్తకముండెను. ఏ యింటివారు ఏ మేస్త్రీ వెంట పోవుదురో, ఉగాదికి మరలుదురో లేదో అందు వ్రాసికొనెడిది. లారీ యెక్కువేళ తల్లి చంకలోని బిడ్డకు సూది వేసి, మిగిలిన సూదులు ఏ యూరనైనను అడిగి వేయించుకొమ్మని చీటి యిచ్చి పంపుట నేను కన్నులార చూచితిని.

మంత్రసానితో ఆమె కలహింపలేదు. ఊరివారు మంత్రసానినే పిలుతురని ఎరిగి ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అయిదు శుభ్రతలు నేర్పినది: చేతులు, పడక, బ్లేడు, దారము, బొడ్డు. కొడవలితో బొడ్డు కోయుటచేత ఎందరు పసికందులు ధనుర్వాతమున పోయిరో! గర్భిణికి రెండు సూదులు, బొడ్డుకు క్రొత్త బ్లేడు, ఇంతియే కదా. ఈ యింతను ఇల్లిల్లు చేర్చుటకు ఏండ్లు పట్టినది. తల్లులకు, పసికందులకు వచ్చు ధనుర్వాతమును మన దేశము నిర్మూలించినదని 2015లో నిర్ధారణ యైనది.

ఇక నా తప్పు చెప్పవలెను.

మా యింట మా తల్లిగారి మడి కఠినము. దానికి కావలి కాచినవాడను నేనే. నర్సమ్మ మా యింటికి వచ్చినపుడు అరుగుమీదనే నిలిచెడిది. దాహమడిగిన పైనుండి దోసిట నీరు పోయువారము. గర్భిణియైన నా భార్య అరుగుమీదికి వచ్చి సూది వేయించుకొని, తలస్నానము చేసి లోనికి పోయెడిది. పురిటిండ్లలో తిరుగునది, తోలుపని వారి బిడ్డ. శౌచము చెడునని నా వాదము. చరకుడు ఉపస్థాతకు శౌచమును విధించినాడు కదా, ఈమెకు శౌచమేదీ యని ఒకనాడు మా సహోపాధ్యాయునితో శ్లోకము చదివి మరీ అంటిని. ఆయన మెచ్చుకొనెను. అది ఇప్పటికి నన్ను దహించును.

1986 శ్రావణమున ఒక రాత్రి నా భార్యకు రెండవ కాన్పు నొప్పులు గడువుకు ముందే వచ్చినవి. వాన. వాగు పొంగినది. దేవరకొండకు పోవు త్రోవ లేదు. కబురు పంపగా నర్సమ్మ తడిసి ముద్దయై వచ్చి, అలవాటుకొద్ది అరుగుమీద ఆగినది. లోపల నా భార్య కేక. నాకు నోట మాట రాలేదు. మా తల్లిగారే, "లోపలికి రా బిడ్డా" అని పిలిచినారు.

ఆమె మొదట అడిగినది ఉడుకునీళ్ళు. మోచేతులదాక సబ్బుతో రుద్ది రుద్ది కడిగికొనుట చూచితిని. మా సంధ్యావందనమున ఆచమనము అంత శ్రద్ధతో నేనెన్నడు చేసియుండను. పిమ్మట గదిలో నలుదెసల చూచి, ఎత్తున దండెముమీద ఆరుచున్న మడిబట్టను చూపి మా తల్లిగారితో అన్నది: "అమ్మా, మీ మడిబట్ట ఒకటియ్యుండ్రి. ఉతికి ఆరేసి ఎవ్వరు ముట్టనిది గదా. ఈ ఇంట్ల దానికంటె శుభ్రమైన గుడ్డ ఇంకోటి లేదు."

మా తల్లిగారు ఒక్క నిమిషము నిలిచిపోయిరి. తరువాత కఱ్ఱతో ఆ బట్టను దింపి తమ చేతులతోనే ఆమె చేతులలో పెట్టిరి. నా కుమారుడు భూమిపై పడగానే వానిని చుట్టినది ఆ మడిబట్టయే.

బిడ్డ పుట్టిన తరువాత నా భార్యకు రక్తస్రావ మాగలేదు. ఆమె సూది వేసినది. బిడ్డను రొమ్మున చేర్చినది. కడుపుమీద చేయి వేసి గర్భాశయము గట్టిపడుదాక ఒత్తుచు కూర్చున్నది. స్రావము తగ్గును, మరల వచ్చును. ఆ చేయి తీయలేదు. తెల్లవారుదాక తీయలేదు. నేను అరుగుమీద కూర్చుంటిని. నాటి రాత్రి అరుగు నాకు దక్కినది. తెలిసిన స్తోత్రములలో ఒక్కటియు నాకు స్ఫురింపలేదు. ఉదయమున ఆమె వెలుపలికి వచ్చి, "ఇగ భయం లేదు అయ్యగారూ, ఇంత చాయ తాగిపియ్యుండ్రి" అన్నది. మా తల్లిగారు ఇత్తడి గ్లాసులో తెచ్చి చేతికిచ్చినారు. నర్సమ్మ కుడిచేయి వణకుచుండుటచేత ఎడమచేతితో పుచ్చుకొన్నది.

శౌచమనగా నేమో ఆనాడు తెలిసినది. మడి తప్పని నేననను. ఉతికి, ఆరవేసి, ముట్టక కాపాడిన ఆ బట్టయే నా బిడ్డకు రక్షయైనది. మా పెద్దలు కాపాడినది శుభ్రతనే. దానిని మనిషిని వెలుపల నిలుపుటకు వాడుకొన్న బుద్ధి మాది. ఐరోపాలోనైనను కథ ఇట్టిదే. వియన్నా నగరపు ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవములను కోసిన చేతులతో వైద్యులు కాన్పులు చేయుటవలననే బాలింతలు జ్వరమున చనిపోవుచున్నారని గ్రహించి, 1847లో క్లోరిను కలిసిన సున్నపు నీటిలో చేతులు కడుగనిదే పురిటిగదిలోనికి రారాదని శాసించెను. చావులు తగ్గినవి. అయినను పెద్ద వైద్యులనేకులు, మా చేతులు మైలపడినవా యని కినిసి ఆయన మాటను త్రోసిపుచ్చిరి. 1865లో ఆయన పిచ్చియాసుపత్రిలో మరణించెను. పండితులు ఏ దేశమందైనను పండితులే!

నాలుగు గుణములలో భర్తయందు అనురాగమను మాట యొకటి మిగిలినది. ఇచ్చట భర్త యనగా పెనిమిటి కాదు. భరించువాడు, ఏలిక యని ధాత్వర్థము. పరిచారకునకు ఏలిక రోగియే! జీతమిచ్చువాడు కాదు, వైద్యుడు కాదు, పుండు కాలుతో అరుగుమీద కూర్చున్న ఆ ముసలి గొల్ల. గీతయందును తొమ్మిదవ అధ్యాయముననే భగవానుడు తానెవ్వడో చెప్పుచు, గతిని నేను, భర్తను నేను అనినాడు. చరకుని తొమ్మిదవ అధ్యాయపు భర్తను, గీత తొమ్మిదవ అధ్యాయపు భర్తను నేను వేర్వేరు పుస్తకములలో వేర్వేరుగా చదువుకొంటిని. ఈ రెండు మాటలను ఒకచోట చేర్చి చూపినదామె. ఆమెకు ఆ రెండు గ్రంథములు తెలియవు. భాగవతము తృతీయస్కంధమున కపిలమూర్తి తల్లికి చెప్పిన మాట యొకటి కలదు: సర్వభూతములయందున్న ఈశ్వరుని విడిచి ప్రతిమను మాత్రము పూజించుట బూడిదలో హోమము చేయుట వంటిదని. ఆ ఘట్టమును నేను పురాణములలో ఎన్నిసార్లు చెప్పితినో! అరుగుమీద ఆమెను నిలిపిన దినములలోను చెప్పితిని.

ఆమెకు చేతకాని వ్యాధియు నొకటి యుండెను. నల్లగొండ జిల్లా నీటిలోని ఫ్లోరైడు సంగతి లోకవిదితము. మఱ్ఱిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతములందు బాలురకు పండ్లు గోధుమరంగు బారును. ఏండ్లు గడచిన ఎముకలు బిగిసి, నడుము వంగి, మెడ తిరుగదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదందురు. మా బావులలో పెక్కింట అది ఎన్నో రెట్లుండెను. వచ్చిన వంకర పోవుటకు మందు లేదు. నీరు కాచి త్రాగుడని ఊరూర చెప్పిన ఆమెయే, కాచినను ఈ దోషము పోదని, నీరు ఇగిరిన కొలది ఇంకను చిక్కబడునని చెప్పవలసి వచ్చెను. పటిక, సున్నము కలిపి తేర్చు పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు కనుగొని దానికి మా జిల్లా పేరే పెట్టినారు. ఆమె కొన్ని యిండ్లలో బకెట్టు పెట్టి చేసి చూపినది. కూలికి పోవు తల్లికి దినదినము ఆ పని సాగలేదు. నర్సుల దినమని మే 12న చిత్రపటమునకు దండ వేయుదురే, ఆ ఫ్లోరెన్స్ నైటింగేలు మన దేశమును కన్నెత్తి చూడకయే, లండనులో మంచముపట్టియు, మన పల్లెల నీటిని గూర్చి, మురుగును గూర్చి, కాటనుదొర కోరిన కాలువలను గూర్చి ఏండ్ల తరబడి వ్రాసినది. పరిచర్య నీటివద్ద మొదలగునని ఆమె ఎరుగును. దండ వేయువారిలో ఎందరెరుగుదురో!

మా నర్సమ్మ ఇరువదియేండ్లకు పైగా ఆ ప్రాంతమందే యుండినది. పట్టణమునకు బదిలీ యడుగుమని నేనే చెప్పితిని. "ఈడ పిల్లల కార్డులన్ని నా దగ్గర్నే ఉన్నయి అయ్యగారూ" అని మాట తప్పించినది. ఆ యూరివారు త్రాగిన నీరే త్రాగినది.

నవమస్కంధమున రంతిదేవుని కథ కలదు. నలువది యెనిమిది దినములు నీరైనను లేక పస్తుండి, నలువది తొమ్మిదవనాడు లభించిన అన్నమును వచ్చిన అతిథులకు వరుసగా పెట్టి, తుదకు మిగిలిన గ్రుక్కెడు నీటిని పెదవి దాక తెచ్చి, దాహమని వచ్చిన పుల్కసునకు పోసినాడు. నాకు మోక్షము వలదు, ప్రాణుల దుఃఖమును వారి లోపల నుండి నేననుభవింతును గాక యని ఆ రాజు కోరిక. ఆ కథను చెప్పునపుడు ఇది యెట్లు పొసగునని శ్రోతలు నన్నడుగుదురు. ఒకరి దుఃఖమును మరియొకరు ఎట్లు పుచ్చుకొందురని. నేను వ్యాఖ్యానముల వెంట పోయెడివాడను. ఇప్పుడు ఆ నీటిని గూర్చి చెప్పుచున్నాను.

2015లో చౌటుప్పలున పునాది పడిన మిషన్ భగీరథ పథకమువలన పిమ్మట ఆ యూళ్ళకు కృష్ణానీరు కొళాయిలలో వచ్చినది. అప్పటికి ఆమె ఉద్యోగము విడిచి కొన్నేండ్లైనది.

కొన్నేండ్ల క్రిందట కార్తికమున కురుమూర్తి జాతరకు పోయితిమి. చిన్నచింతకుంట మండలమున అమ్మాపురము గుట్టలలో వెలసిన ఆ స్వామి మహిమ మీలో పలువురెరుగుదురు. స్వామివారి పాదుకలకు ఉద్దాలని పేరు. చిన్నవడ్డెమాను గ్రామమున చర్మకారులు నియమముతో వానిని కుట్టుదురు. ఊరేగింపుగా వచ్చిన ఆ ఉద్దాలను కులభేదము లేక అందరును శిరస్సున దాల్తురు. నేనును బాల్యమునుండి దాల్చుచున్నాను. తోలుపనివాడు కుట్టిన పాదుకను నెత్తిన పెట్టుకొని యింటికి వచ్చి, తోలుపనివాని కుమార్తెను అరుగుమీద నిలిపినవాడను నేను. ఈ రెండింటిని కలిపి చూచుకొనుటకు నాకు అన్నేండ్లు పట్టినది.

గుట్ట దిగువన, చెట్టునీడ, చేతికఱ్ఱతో కూర్చున్న యొక వృద్ధురాలిని చూచి నా భార్య ఒక్కపరుగున పోయి పాదములు పట్టుకొన్నది. నర్సమ్మయే. మోకాళ్ళు బిగిసినవి, నడుము వంగినది, మెడ త్రిప్పలేక దేహమంతయు త్రిప్పి మమ్ము చూచినది. మెట్లెక్కలేనని, ఉద్దాలు వచ్చు త్రోవలో కూర్చుంటినని చెప్పినది. ఆ రాత్రి పుట్టిన మా కుమారుడేమైనాడని యడిగినది. వానికి వివాహమైనదని, ఒక కొడుకు పుట్టి ఏడాదిన్నర దాటినదని చెప్పితిని. నేనింకను ఏదో కృతజ్ఞతగా, ఎన్నో యేండ్లుగా మనసున నున్న మాట చెప్పబోవుచుండగా ఆమె అడ్డు తగిలినది.

"మనుమనికి ఏడాదిన్నర సూది వేయించిండ్రా అయ్యగారూ?"

నాకు తెలియదు. నా భార్యకును తెలియదు. ఇంటికి వచ్చి కార్డు తీసి చూచితిని. ఆ గడి ఖాళీగా నున్నది. తరువాతి బుధవారము వానిని నేనే ఎత్తుకొని ఉపకేంద్రమునకు పోయితిని. లోపల రద్దీగా నుండెను. అరుగుమీద నిలుచుంటిని.